దొంగ ఎవరో ముందే తేల్చుకున్న మనం

చాలా ఏళ్ల కిందటి మాట. మాక్లూర్ చుట్టుపక్కల పల్లెల్లో నేను కాపరిగా తిరుగుతున్న రోజులు. ఒక సంఘంలో కోతకాల పండుగ ఆరాధన ముగిసింది. విశ్వాసులు తెచ్చిన పసుపు, మక్కలు, వడ్లు, గుమ్మడికాయలు గుడి ముందే వేలం వేశాం. వచ్చిన 18 వేల రూపాయలు ఒక కవరులో పెట్టాం. సాయంత్రం లెక్క రాద్దామని చూస్తే కవరు లేదు.

కమిటీ పెద్దలు కూర్చున్నారు. ఎవరెవరు లోపలికి వచ్చారు, ఎవరు చివరగా వెళ్లారు అని చర్చ మొదలైంది. ఐదు నిమిషాలు కాకముందే అందరి చూపూ ఒకవైపే తిరిగింది. గుడి ఊడ్చి, చాపలు మడిచి, దీపాలు ఆర్పి వెళ్లే ఒక తల్లి ఉంది. భర్త దుబాయిలో కూలి పనికి వెళ్లాడు. ఆమె బీడీలు చుట్టుకుంటూ ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. ఎరుకల ఇంటి ఆడబిడ్డ. ఆ ఒక్క మాట ఆ గదిలో ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. "ఠాణాల ఒక కాగితం రాసిస్తే వాళ్లే చెప్పిస్తరు" అన్నారొక పెద్దాయన. నేను కాగితం తీసుకున్నాను. రాశాను. అనుమానితుల దగ్గర ఆమె పేరు కూడా రాశాను.

ఆ కాగితం ఠాణాకు వెళ్లలేదు. అది నా మంచితనం కాదు. రాత్రయిందని ఆగాం, అంతే. పొద్దున్నే ఆ కవరు కీర్తనల పుస్తకాలు పెట్టే బీరువాలో దొరికింది. జాగ్రత్త కోసం మా కోశాధికారే అక్కడ పెట్టి మరిచిపోయాడు.

ఆ కాగితాన్ని చింపేశాను గాని, దాని సంగతి ఈనాటికీ మరువలేదు. 2021 జూన్‌లో మరియమ్మ మరణవార్త చదివిన రోజు అది మళ్లీ నా కళ్ల ముందుకు వచ్చింది.

మరియమ్మ సంగతి మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఖమ్మం జిల్లాకు చెందిన దళిత స్త్రీ. యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు మండలం గోవిందాపురంలో చర్చి ఫాదర్‌గారి ఇంట్లో వంట చేసేది. ఆ ఇంట్లో రెండు లక్షల రూపాయలు పోయాయని ఫిర్యాదు వెళ్లింది. పోలీసులు ఆమెను, ఆమె కొడుకును, అతని స్నేహితుడిని పట్టుకున్నారు. 2021 జూన్ 18న ఆమె అడ్డగూడూరు పోలీసుల అదుపులో ఉండగా చనిపోయింది. తమను కొట్టారని కొడుకు చెప్పాడు. పౌరహక్కుల సంఘం హైకోర్టుకు వెళ్లింది. న్యాయ విచారణ జరపాలని, మృతదేహానికి మళ్లీ శవపరీక్ష చేయాలని కోర్టు ఆదేశించింది. ఒక ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగం నుంచి తొలగించారు. ప్రభుత్వం పరిహారం, కొడుకుకు ఉద్యోగం ప్రకటించింది.

పోలీసుల మీద చర్య పడింది కాబట్టి కథ ముగిసిందని మనం అనుకున్నాం. కానీ ఆ కథ మొదలైంది ఠాణాలో కాదు. ఒక దైవసేవకుని ఇంట్లో మొదలైంది. పైసలు పోతే ఫిర్యాదు ఇవ్వడం నేరం కాదు. ఆ ఫిర్యాదు ఆ తల్లి ప్రాణం తీస్తుందని ఇచ్చినవారికి ముందే తెలుసునని కూడా నేను అనను. కానీ పనిమనిషి పేరు కాగితం మీద పడ్డాక ఠాణాలో ఏమి జరుగుతుందో ఈ దేశంలో పెరిగిన ఏ మనిషికీ తెలియనిది కాదు. నా కాగితం కూడా ఆ రాత్రే వెళ్లి ఉంటే?

ఈ వారం ఈ పేజీలో ఈ విషయం ఎందుకు రాస్తున్నానంటే, మనం ఇతర దేశాల్లో జరిగే అన్యాయాన్ని గుర్తించినంత త్వరగా మన గుమ్మం ముందరి అన్యాయాన్ని గుర్తించం. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి మెడ మీద ఒక పోలీసు అధికారి 9 నిమిషాల 29 సెకన్లు మోకాలు ఆనించి చంపినప్పుడు మన సంఘాల్లోనూ ప్రార్థనలు జరిగాయి. మన యువకులు ఫోన్లలో నల్ల బొమ్మ పెట్టుకున్నారు. 2023 జనవరిలో మన కర్నూలు జిల్లా ఆదోని అమ్మాయి జాహ్నవి కందుల సియాటిల్‌లో రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చనిపోయింది. ఆ తర్వాత మరో పోలీసు అధికారి ఫోన్‌లో నవ్వుతూ, ఆమె ప్రాణానికి పెద్ద విలువేమీ లేదన్నట్టు మాట్లాడిన సంగతి అతని ఒంటి మీది కెమెరాలోనే రికార్డయి బయటపడింది. తెలుగువాళ్లందరి రక్తం ఉడికింది. 2024లో ఆ అధికారి ఉద్యోగం పోయింది.

ఆ కోపం న్యాయమైనదే. కానీ ఒక ప్రాణానికి తక్కువ వెల కట్టే అలవాటు అమెరికా పోలీసులకే ఉందా? అక్కడ ఒంటి రంగు చేసే పని ఇక్కడ ఇంటి పేరు చేస్తుంది, వాడ పేరు చేస్తుంది, కులం చేస్తుంది, ఒక్కోసారి మతం చేస్తుంది. "ఏ ఊరు? ఎవరోళ్లు?" అన్న రెండు ప్రశ్నలతో మన దగ్గర మనిషి ఖరీదు తేలిపోతుంది. ఠాణాలో ఎవరికి కుర్చీ వేస్తారో, ఎవరిని గోడ పక్కన నిలబెడతారో ఆ జవాబుల మీదే ఆధారపడుతుంది.

ఈ అలవాటుకు చట్టమే ఒకప్పుడు పునాది వేసింది. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. ఒక మనిషి ఏ నేరం చేశాడని కాదు, ఏ తల్లి కడుపున పుట్టాడన్న దాన్నిబట్టి అతన్ని నేరస్థుడిగా రాసుకునే చట్టం అది. ఆ జాబితాకెక్కిన కులాల వారి వేలిముద్రలు తీసుకునేవారు. వేళకు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చీటీ కావాలి. తెలుగునాట ఎరుకలవారి వంటి వారు తరతరాలు ఈ చట్టం కింద నలిగిపోయారు.

ఇక్కడ మన సంఘ చరిత్రలోని ఒక పేజీని కూడా చదువుకోవాలి. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం పేరు సినిమాల పుణ్యమా అని దొంగల ఊరుగా అందరికీ తెలుసు. అది 1913లో ఎరుకలవారి కోసం ఏర్పాటు చేసిన సెటిల్‌మెంటు అని, అప్పటి మద్రాసు ప్రభుత్వంలోని ఒక ఇంగ్లీషు అధికారి పేరు దానికి పెట్టారని, దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ అని మనలో ఎంతమందికి తెలుసు? నెల్లూరు జిల్లా కావలిలో అలాంటి సెటిల్‌మెంటునే అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు నడిపారు. వారు బడులు పెట్టారు, పనులు నేర్పారు, వైద్యం చేశారు. ఆ మేలు అబద్ధం కాదు. అయితే ఆ ఊళ్లలో హాజరు పుస్తకం కూడా వారి చేతిలోనే ఉంది. ప్రభుత్వం పుట్టుకతో దొంగలని ముద్ర వేసిన మనుషులను మార్చే పనిని మిషనరీలు ఒప్పుకున్నారు గాని, ఆ ముద్రే తప్పని గట్టిగా ఎదిరించలేదు. ప్రేమతో చేసిన సేవ కూడా ఒక అబద్ధాన్ని మోయగలదని ఆ చరిత్ర మనకు నేర్పుతుంది.

స్వతంత్రం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. కాగితం మీద రద్దయింది గాని, మనసుల్లోంచి పోలేదు. పాత జాబితాల చోట అలవాటు నేరస్థుల జాబితాలు వచ్చాయి, అనుమానితుల షీట్లు వచ్చాయి. 2024 మే నెలలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, వెనుకబడిన కులాలలో, తెగలలో పుట్టారన్న కారణంతో అమాయకుల పేర్లు పోలీసు హిస్టరీ షీట్లలోకి యాంత్రికంగా ఎక్కించకూడదని రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరు 3న మరో తీర్పులో, జైళ్లలో కులాన్నిబట్టి పనులు పంచడం రాజ్యాంగ విరుద్ధమని, ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయాలని ఆదేశించింది. అప్పటిదాకా కొన్ని రాష్ట్రాల జైలు నియమావళుల్లో వంట ఎవరు చేయాలి, పాకీపని ఎవరు చేయాలి అన్నది కులాన్నిబట్టే రాసి ఉంది. స్వతంత్రం వచ్చిన 77 ఏళ్లకు మన అత్యున్నత న్యాయస్థానం చెప్పాల్సి వచ్చిన మాటలివి.

ప్రియ పాఠకులారా, ఈ వ్యవస్థ చేతిలో ఒక విచిత్రం ఉంది. పేదవాణ్ని పట్టుకోవలసి వస్తే ఆ చెయ్యి మహా చురుకు. పేదవాణ్ని ఆదుకోవలసి వస్తే అదే చెయ్యి మొద్దుబారిపోతుంది.

మొదట చురుకుదనం చూడండి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టల్‌లో ఫార్మసీ విద్యార్థిని దారుణ హత్యకు గురైంది. రాష్ట్రమంతా అట్టుడికింది. 2008 ఆగస్టులో సత్యంబాబు అనే పేద దళిత యువకుణ్ని పోలీసులు నేరస్థుడిగా చూపించారు. కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులే, ఇతను కాదు మహాప్రభో అని మొదటినుంచీ మొత్తుకున్నారు. వినలేదు. 2010లో కింది కోర్టు 14 ఏళ్ల జైలుశిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చింది. లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. నరాల జబ్బుతో ఒళ్లు చచ్చుబడి, నడవడానికి ఇబ్బందిపడిన మనిషి రాజమండ్రి జైలు గేటు బయటికి వచ్చాడు. ఆ ఎనిమిదేళ్లలో అసలు నేరస్థుడు ఎక్కడున్నాడు? ఒక అమాయకుడికి జరిగిన అన్యాయం ఆ అమ్మాయికి కూడా అన్యాయమే.

మెదక్ జిల్లాకు రండి. 2023 జనవరి చివర ఖదీర్ ఖాన్ అనే దినకూలీని పోలీసులు పట్టుకెళ్లారు. మెడలో గొలుసు లాక్కెళ్లిన కేసు అది. సీసీ కెమెరాలో కనిపించిన మనిషి పోలికలు ఇతనిలో ఉన్నాయన్నది అనుమానం. ఠాణాలో తనను ఎలా కొట్టారో ఆసుపత్రి మంచం మీదినుంచి అతను చెప్పిన వీడియోను రాష్ట్రమంతా చూసింది. ఫిబ్రవరి మధ్యలో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. హైకోర్టు తనంత తానే కేసు తీసుకుంది. పోలిక ఉంది అన్న ఒక్క మాట చాలింది ఒక ఇల్లాలు విధవ కావడానికి. ఆ పోలిక ఏ వైద్యునిలోనో, ఏ కాంట్రాక్టరులోనో కనిపించి ఉంటే పోలీసులు మొదట ఏం చేసేవారు? ఇంటికి ఒక నోటీసు పంపేవారు. తాగడానికి నీళ్లిచ్చి మాట్లాడేవారు.

జైళ్ల లెక్కలు కూడా ఇదే చెబుతాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్క ప్రకారం మన దేశపు జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదు. ఈ విచారణ ఖైదీలలో సుమారు ఐదో వంతు ఎస్సీలు. దేశ జనాభాలో వారి వాటా 2011 జనాభా లెక్కల్లో 16.6 శాతం. ముస్లింల సంగతీ ఇంతే, జనాభాలో వారి వాటా కన్నా జైళ్లలో వాటా ఎక్కువ. వీరు ఎక్కువ పాపులనా? కాదు. జామీను పెట్టేవాడు, వకీలు ఫీజు కట్టేవాడు, పెద్దమనిషితో ఒక ఫోను చేయించేవాడు లేనివాళ్లే లోపల మిగిలిపోతారు.

ఇప్పుడు మొద్దుబారిన చెయ్యి చూడండి. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను వెంటాడి చంపారు. అంతకు ఆరేళ్ల ముందు, 1985 జూలై 17న కారంచేడులో జరిగిన మారణకాండ తర్వాతే ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. ఆ చట్టం ఉండగానే చుండూరు జరిగింది. బాధితులు పట్టుబట్టి తమ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. మొదటి తీర్పు రావడానికి 16 ఏళ్లు పట్టింది. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఎనిమిది శవాలున్నాయి, చంపినవాడు మాత్రం ఒక్కడూ లేడు! సత్యంబాబు విషయంలో బలమైన సాక్ష్యం లేకుండానే నేరస్థుడు దొరికాడు. చుండూరులో పట్టపగలు జరిగిన హత్యలకు సాక్ష్యం చాలలేదు.

మన క్రైస్తవుల కష్టం దీనికి ఇంకొక మెలిక వేస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులు కాని దళితులకు ఎస్సీ హోదా లేదు. మాదిగవాడలో, మాలవాడలో పుట్టి ప్రభువును నమ్ముకున్నవాడు మన రాష్ట్రంలో బీసీ-సీ గ్రూపులోకి వస్తాడు. గిరిజనుడు క్రైస్తవుడైనా ఎస్టీగానే ఉంటాడు, దళితుడికి మాత్రం ఆ వీలు లేదు. గుంటూరు జిల్లాకు చెందిన ఒక పాస్టరు తనను కులం పేరుతో దూషించి కొట్టారని పెట్టిన కేసులో, మతం మారినవాడికి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ ఉండదని 2025 ఏప్రిల్ చివర ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పి ఆ కేసును కొట్టివేసింది. ఊళ్లో తిట్టేవాడు మాత్రం బాప్తిస్మ పత్రం చూసి తిట్టడు. వాడికి మనం ఎప్పటికీ ఆ వాడవాళ్లమే. కులం పోలేదు, కులం నుంచి కాపాడే చట్టం మాత్రం పోయింది. ఎస్సీ హోదాపై 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది. ఆ కమిషన్ ముందు పెట్టింది రిజర్వేషన్ల ప్రశ్న మాత్రమే అనుకోకండి. దెబ్బ తిన్న మనిషి ఠాణాకు వెళ్తే ఏ చట్టం కింద కేసు రాస్తారన్న ప్రశ్న కూడా అందులో ఉంది.

ఇక్కడ ఒక మాట నన్ను అడిగేవారున్నారు. "పాస్టరుగారూ, పోలీసులందరూ అట్లనే ఉంటరా?" ఉండరు. మన సంఘాల్లో కానిస్టేబుళ్లున్నారు, హోంగార్డులున్నారు, వారి భార్యలు మన స్త్రీల సమాజంలో ప్రార్థన చేస్తారు. పండుగ రోజున ఇంట్లో ఉండలేని వారి బతుకు నాకు తెలుసు. సిబ్బంది తక్కువ, పని గంటలకు లెక్క లేదు, పోయిన సొత్తు దొరికిందా అని పైనుంచి ఒత్తిడి. ఆ ఒత్తిడిలో చేతికి దగ్గరగా దొరికే మనిషి ఎవరు? వెనక ఎవరూ లేనివాడు. మంచి మనిషిచేత కూడా చెడ్డ పని చేయించే పద్ధతి అది. కాబట్టి మనం పద్ధతిని ప్రశ్నిద్దాం.

"దొంగతనాలు నిజంగా జరుగుతున్నయి గదా" అనేవారు కూడా ఉన్నారు. జరుగుతున్నాయి. పొలాల్లో మోటారు వైర్లు పోతే రైతు ఎంత నష్టపోతాడో మన పసుపు రైతుల్ని అడగండి. దొంగ దొరకాలి, శిక్ష పడాలి. కానీ సాక్ష్యం వెతికి దొంగను పట్టడం ఒక పని. దొంగను ముందే అనుకుని అతని నోట ఒప్పుకోలు రాబట్టడం ఇంకొక పని. రెండో దారిలో అసలు దొంగ ఎప్పుడూ క్షేమంగానే ఉంటాడు.

మన లేఖనాలు ఈ సంగతిని ఎరగనివి కావు. ఆదికాండము 39వ అధ్యాయం మళ్లీ తెరవండి. పోతీఫరు భార్య యోసేపు మీద నింద వేసినప్పుడు అతని పేరు చెప్పదు, హెబ్రీయుడని చెబుతుంది. పరదేశి, దాసుడు. ఆ ఒక్క మాటతోనే తీర్పు అయిపోయింది. విచారణ లేదు, సాక్షి లేడు, చెరసాల తలుపు మాత్రం తెరుచుకుంది. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఫిలిప్పీ పట్టణంలో పౌలు, సీల మీద మోపిన నేరం కూడా వారు యూదులన్న మాటతోనే మొదలవుతుంది. న్యాయాధిపతులు అడగకుండానే బట్టలు లాగించి బెత్తాలతో కొట్టించారు. తెల్లవారి గుట్టుగా వదిలేస్తామంటే పౌలు కదలలేదు. విచారణ చేయకుండా రోమా పౌరులను బహిరంగంగా కొట్టించారు కాబట్టి అధికారులే స్వయంగా వచ్చి బయటికి తీసుకుపోవాలని పట్టుబట్టాడు.

చెరసాలలో పాటలు పాడిన పౌలును మనం ఎన్నోసార్లు ప్రసంగించాం. పొద్దున లేచి చట్టం అడిగిన పౌలును ఎన్నిసార్లు ప్రసంగించాం? రాత్రి క్షమించినవాడే, జైలు అధికారికి వాక్యం చెప్పినవాడే, పొద్దున హక్కు అడిగాడు. ఆ రెండింటికీ ఆయన విరోధం చూడలేదు. అతడు వెనుదిరిగి పోయి ఉంటే ఆ తర్వాత ఆ ఊళ్లోని కొత్త సంఘం మీద, లూదియ ఇంటి మీద ఏమి పడేదో అతనికి తెలుసు.

మరి మన సంఘాలు ఏమి చేయగలవు? పెద్ద పెద్ద తీర్మానాల కన్నా ముందు మన చేతిలో ఉన్న పనులు చూద్దాం.

మొదటిది మన ఇంటి పని. ఏదైనా పోతే ఏమి పోయింది, ఎప్పుడు పోయింది అని ఫిర్యాదులో రాయండి. చూసింది రాయండి. చూడనిది రాయకండి. పనిమనిషి పేరు, వాచ్‌మన్ పేరు, వాడ కుర్రవాడి పేరు అనుమానం మీద రాసే ముందు, మన సొంత బంధువు ఆ గదిలో ఉండి ఉంటే అతని పేరు రాసేవాళ్లమా అని అడుగుకోండి. సంఘ కమిటీలు, మిషన్ బడులు, హాస్టళ్లు, ఆసుపత్రులు దీన్ని ఒక నియమంగా రాసుకోవాలి.

రెండవది తోడు వెళ్లడం. మన వాడలో ఎవరినైనా ఠాణాకు రమ్మంటే ఒంటరిగా పంపకండి. అతను మన సంఘస్థుడా కాదా అని చూడకండి. ఇద్దరు పెద్దలు, వీలైతే ఒక వకీలు వెళ్లండి. గొడవ పడనక్కరలేదు, మర్యాదగా అడిగితే చాలు. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి. ఇంట్లోవారికి తెలపాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఏడేళ్లలోపు శిక్ష పడే చాలా కేసుల్లో అరెస్టు అవసరం లేకపోతే నోటీసు ఇచ్చి పిలవాలి. సాక్షిగా స్త్రీని అడగాల్సి వస్తే ఆమె ఇంటి దగ్గరే అడగాలి. ఇవన్నీ 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఉన్న మాటలే. అరెస్టు కాగితం మీద సాక్షి సంతకం ఉండాలని 1996లోనే డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతి ఠాణాలో సీసీ కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో చెప్పింది. వకీలుకు పైసలు లేనివారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100 నంబరును గుడి గోడ మీద ఆరాధన వేళల పక్కన రాయండి.

మూడవది, మనవాళ్లు దెబ్బ తిన్నప్పుడు వెనక్కి తగ్గకపోవడం. రాజీ చేసుకోండని ఠాణాలో చెబుతారు, ఊరి పెద్దలు చెబుతారు, ఒక్కోసారి మనమే చెబుతాం. క్షమించడం బాధితుడి హక్కు, దాన్ని అతని చేత బలవంతంగా చేయించడం మన హక్కు కాదు. పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల పెద్ద నేరం గురించి చెబితే కేసు నమోదు చేసి తీరాలని 2013లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఠాణాలో తీసుకోకపోతే పోలీసు కమిషనరుకు పోస్టులో పంపవచ్చు, ఆపైన మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదన్నా మిగిలిన చట్టాలు క్రైస్తవుడికీ ఉన్నాయి. కొట్టడం ఎవరిని కొట్టినా నేరమే.

నాలుగవది, పోలీసు ఉద్యోగంలో ఉన్న మన బిడ్డల కోసం ప్రార్థించడం, వారితో మాట్లాడటం. యూనిఫాం వేసుకున్న విశ్వాసికి మనం ఆశీర్వాదం ఇస్తాం, పదోన్నతి వస్తే కృతజ్ఞత కూడిక పెడతాం. గోడ పక్కన నిలబెట్టిన మనిషి విషయంలో అతను ఏమి చేస్తున్నాడని కూడా ఎప్పుడైనా అడగాలి కదా.

ఆ కవరు దొరికిన రోజు సాయంత్రం నేను ఆ తల్లి ఇంటికి వెళ్లాను. తన మీద అనుమానపడ్డామన్న సంగతి అప్పటికే ఆమె చెవిన పడింది. పల్లెలో ఏది దాగుతుంది? ఆమె బీడీల చాట పక్కన పెట్టి, నాకు పీట వేసింది. క్షమించమ్మా అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "పైసలు దొరికినయి, సంతోషం అయ్యగారూ. గని నేను దొంగను కానని మీకు పైసలు దొరికినంకనే తెలిసింది గదా."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఏడేళ్లు ఆమె గుడి ఊడ్చింది. ఏడేళ్లు నా చేతి మీదుగా ప్రభు భోజనం తీసుకుంది. అదంతా ఆమె పక్షాన సాక్ష్యంగా నాకు చాలలేదు. పోయిన కవరు వచ్చి సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది.

మరియమ్మ పక్షాన ఏ కవరూ వచ్చి సాక్ష్యం చెప్పలేదు. ఈసారి మన ఇంట్లో, మన గుడిలో ఏదైనా పోయినప్పుడు, కలం చేతికి తీసుకునే ముందు ఆ ఇద్దరు తల్లులనూ తలుచుకుందాం.